ఇరవయ్యా, అరవయ్యా?

ఇరవై, అరవై. ఈ రెండు మాటల్నీ ఒకసారి పైకి అనండి. తర్వాత పక్కగదిలో ఎవరినైనా కూర్చోబెట్టి, ఫ్యాను ఫుల్లులో పెట్టి, గోడ ఇవతల నుంచి మళ్లీ అనండి. తేడా అంతా మొదటి అక్షరంలోనే ఉంది. ఆ ఒక్క అక్షరం చప్పుడులో కలిసిపోతే చేతికి మిగిలేది "రవై". అది ఎంతైనా కావచ్చు.

నేను విశాఖపట్నంలో ఒక కంటైనర్ యార్డులో సూపర్‌వైజర్‌ని. పందొమ్మిదేళ్లుగా నడుముకి వాకీటాకీ కట్టుకుని తిరుగుతున్నాను. నాలుగేళ్ల కిందట, వానాకాలంలో ఒక సాయంత్రం, రీచ్ స్టాకర్ (కంటైనర్ పెట్టెల్ని ఎత్తి పెట్టే బండి) ఆపరేటర్‌కి సెట్లో "ఇరవైలో పైపెట్టె తియ్యి" అని చెప్పాను. "సరే బాబూ" అన్నాడు. అతనికి వినపడింది అరవై. అరవయ్యో వరసలో పెట్టె వెనకాల మా టాలీ క్లర్కు కుర్రాడు నిలబడి సీలు నంబర్లు రాసుకుంటున్నాడు. తలమీద పెట్టె కదిలేసరికి పక్కకి దూకేశాడు. చీలమండ విరిగింది. మూడు నెలలు మంచం మీదే ఉన్నాడు. ఆ పెట్టె జారి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలుచుకోలేను.

విచారణలో నన్ను అడిగారు, నువ్వేం చెప్పావని. ఇరవై అన్నాను. ఆపరేటర్‌ని అడిగారు, నువ్వేం విన్నావని. అరవై అన్నాడు. ఇద్దరం నిజమే చెప్పాం. "చెప్పింది సరిగ్గా వినలేదు" అని రాసి, అతనికి వారం జీతం కోసి, ఫైలు మూసేశారు. నేను నోరు మెదపలేదు. చెప్పాల్సింది చెప్పాను, వినాల్సిన వాడు వినలేదు, ఇందులో నా తప్పేముంది అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత పొరపాటో తెలియడానికి, మా అమ్మాయి పైలట్ చదువుకి వెళ్లి రేడియో పరీక్షకి తయారవ్వాల్సి వచ్చింది.

పైలట్ కావాలంటే విమానం నడపడం వస్తే చాలదు, రేడియోలో మాట్లాడటానికి వేరే లైసెన్స్ కావాలి. ఆర్‌టీఆర్ అంటారు. మొన్నమొన్నటిదాకా ఆ పరీక్ష టెలికాం శాఖ చేతిలో ఉండేది. 2024లో వచ్చిన భారతీయ వాయుయాన్ చట్టంతో పౌర విమానయానాన్ని చూసే డీజీసీఏ కిందికి మారింది. రాతపరీక్ష ఒకటి, నోటిపరీక్ష ఒకటి. పిల్లలకి టెన్షన్ అంతా రెండోదానితోనే. ఎగ్జామినర్, టవర్ నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్‌లా మాట్లాడతాడు, పిల్లలు విమానంలో ఉన్నట్టే జవాబు చెప్పాలి.

మాది గోపాలపట్నం. విమానాల మోత మా ఇంటికి గోడగడియారం చప్పుడు లాంటిది, ఆగితే తప్ప గుర్తుకు రాదు. మన విమానాశ్రయం ఐఎన్‌ఎస్ డేగా అనే నేవీ స్థావరం. ఇన్నేళ్లుగా మన ఊరికి ప్రయాణికుల్ని తెచ్చిన విమానాలన్నీ నేవీ టవర్ మాట విని దిగినవే. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. ఈ హెలికాప్టరుకీ ఆ బోయింగుకీ కూడా వంతు చూసి దారి ఇవ్వాలి. చిన్నప్పటి నుంచి మా అమ్మాయి డాబా ఎక్కి చూసిందంతా ఇదే.

రోజూ రాత్రి భోజనాలయ్యాక ప్రాక్టీసు. నేను టవర్, తను విమానం. పుస్తకంలో ఉన్నది నేను చదవాలి.

"విక్టర్ టాంగో అల్ఫా బ్రావో చార్లీ, డిసెండ్ టు ఆల్టిట్యూడ్ త్రీ థౌజండ్ ఫీట్, క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో ఎయిట్."

మూడు వేల అడుగుల ఎత్తుకి దిగు, ఎత్తు చూపించే మీటరులో వాయుపీడనం 1008 పెట్టుకో అని దానర్థం. తను అదంతా పొల్లుపోకుండా తిరిగి చెప్పి, చివర తన విమానం పేరు కలిపింది. మొదటిరోజు నాకు విసుగొచ్చింది.

"నేనన్నదే మళ్లీ అంటావెందుకు తల్లీ? సరే అంటే పోయె కదా."

"సరే అంటే ఫెయిల్ చేస్తారు నాన్నా."

అప్పుడు చెప్పింది. ఎత్తు, దిశ, వేగం, రన్‌వే నంబరు, ఆల్టీమీటర్‌లో పెట్టుకోవాల్సిన వాయుపీడనం, రన్‌వే మీదికి వెళ్లడం, దాటడం, దాని ముందు ఆగడం, దిగడం, ఎగరడం. వీటిలో ఏది చెప్పినా పైలట్ తిరిగి చెప్పి తీరాలి. దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. సినిమాల్లో వినే "రోజర్" అక్కడ చెల్లదు. రోజర్ అంటే మీరు చెప్పింది నాకు అందింది అని మాత్రమే అర్థం. ఒప్పుకున్నానని కాదు, చేస్తానని అసలే కాదు. చేస్తాను అనడానికి విల్కో అనే మాట వేరే ఉంది. ఎత్తు, రన్‌వే లాంటి వాటికి అదీ సరిపోదు, అంకెతో సహా తిరిగి చెప్పాల్సిందే.

ఇక్కడిదాకా నాకు బాగానే ఉంది. ఆ తర్వాత చెప్పిన మాటకి నాకు నిద్రపట్టలేదు. పైలట్ తిరిగి చెప్తున్నప్పుడు కంట్రోలర్ శ్రద్ధగా వినాలి. తేడా ఉంటే అక్కడికక్కడే దిద్దాలి. దానికి హియర్‌బ్యాక్ అని పేరు. అంటే, చెప్పడంతో చెప్పినవాడి పని అయిపోదు. అవతలివాడికి ఏం చేరిందో విన్నాకే అవుతుంది.

మా ఆపరేటర్ ఆ సాయంత్రం "సరే బాబూ, అరవైలోది తీస్తన్నాను" అని ఉంటే నేను "ఆగు, ఆరు కాదు, రెండు సున్నా" అని అరిచేవాణ్ని. రెండు సెకన్ల పని. అతను ఎందుకు అనలేదు? అలా అనమని అన్నేళ్లలో నేను ఎవరికీ ఒక్కసారైనా చెప్పలేదు కాబట్టి. పైగా ఎవరైనా "ఏటి బాబూ?" అని మళ్లీ అడిగితే "ఒకసారి చెప్తే వినపడదా?" అని కసిరేవాణ్ని. నలుగురూ వినే సెట్లో కసురు తిన్నవాడు రెండోసారి అడగడు. అర్థమైనా కాకపోయినా సరే అంటాడు. ఆ "సరే"ని అతని నోట్లో పెట్టింది నేనే.

ఆ తర్వాత మా అమ్మాయి పుస్తకాలు నేనూ చదవడం మొదలుపెట్టాను. ఆకాశంలో జరిగిన ఘోరాలు చదువుతుంటే మా యార్డే గుర్తొచ్చేది.

1977 మార్చి 27, టెనెరిఫే దీవిలో లాస్ రోడియోస్ విమానాశ్రయం. కమ్ముకున్న పొగమంచు. ఒకే రన్‌వే మీద రెండు పెద్ద బోయింగ్ 747 విమానాలు. కేఎల్‌ఎం విమానం ఎగరడానికి ఒక చివర నిలబడింది. పాన్ యామ్ విమానం అదే రన్‌వే మీద ఎదురుగా నెమ్మదిగా వస్తోంది. కేఎల్‌ఎం నుంచి "మేమిప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం" అనే అర్థం వచ్చే మాట రేడియోలో వచ్చింది. ఎగరడానికి సిద్ధంగా ఉన్నామనా, ఎగరడం మొదలుపెట్టామనా? రెండు రకాలుగానూ అనుకోవచ్చు. దానికి టవర్ చెప్పిన జవాబులో మొదటి మాట "ఓకే". ఒక్క క్షణం ఆగి, టేకాఫ్ కోసం వేచి ఉండండి, నేను పిలుస్తాను అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో పాన్ యామ్ వాళ్లు మేమింకా రన్‌వే మీదే ఉన్నాం అన్నారు.

విమానాల రేడియో గురించి ఇక్కడ ఒక మాట. ఒక ఫ్రీక్వెన్సీలో ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. మన ఫోన్‌లా ఇద్దరి మాటలూ కలిసి వెళ్లవు, బటన్ నొక్కి ఉన్నంతసేపూ మీకు ఏమీ వినపడదు. ఇప్పటికీ పాతకాలపు ఏఎం పద్ధతే వాడతారు. ఇద్దరు ఒకేసారి నొక్కితే వినేవాళ్లకి కీచుమనే శబ్దం వస్తుంది. ఎవరో ఇద్దరు ఒకేసారి మాట్లాడారని కనీసం అలా తెలుస్తుంది. ఎఫ్‌ఎంలో అయితే బలమైన గొంతు రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది, రెండోవాడు మాట్లాడిన సంగతే ఎవరికీ తెలియదు.

ఆ రోజు కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో వినపడింది ఒక "ఓకే", ఆ వెంట ఒక కీచుశబ్దం. ఆ శబ్దంలో రెండు హెచ్చరికలు కలగాపులగమైపోయాయి. "ఓకే" మాత్రం స్పష్టంగా వినపడింది. విమానం పరుగు అప్పటికే మొదలైంది. పాన్ యామ్ ఇంకా పక్కకి తప్పుకోలేదా అని ఫ్లైట్ ఇంజినీర్ అడిగాడు కూడా. ఆ కెప్టెన్ ఆ సంస్థలో పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్దవాడు. తప్పుకుందని గట్టిగా అన్నాడు. ఇంకెవరూ ఏమీ అనలేదు. 583 మంది చనిపోయారు.

దాని తర్వాతే టేకాఫ్ అనే మాటని కట్టడి చేశారు. ఎగరమని అనుమతి ఇచ్చేటప్పుడో, ఆ అనుమతి రద్దు చేసేటప్పుడో తప్ప ఆ మాట నోట రాకూడదు. మిగతా సమయాల్లో డిపార్చర్ అనాలి. ఒక్క మాటని ఒక్క పనికే దాచి ఉంచారు. మా యార్డులో "తియ్యి" అనే మాటని తాళం తియ్యడానికీ, పెట్టె తియ్యడానికీ, బండి పక్కకి తియ్యడానికీ వాడతాం. ఇది చదివిన రోజు ఒక కాగితం మీద మేము "తియ్యి"ని ఎన్ని పనులకి వాడుతున్నామో రాశాను. ఏడు తేలాయి.

రెండోది 1989 ఫిబ్రవరి 19, కౌలాలంపూర్. ఫ్లయింగ్ టైగర్ వాళ్ల సరుకు విమానం. కంట్రోలర్ 2,400 అడుగులకి దిగమన్నాడు. ఇంగ్లీషులో అంకెలు విడివిడిగా అంటే "టూ ఫోర్ జీరో జీరో". మొదటి "టూ"ని విమానంలో వాళ్లు రెండు అని కాకుండా, ఇంగ్లీషులో అలాగే పలికే ఇంకో "టూ"గా, అంటే "అంత ఎత్తుకి" అన్నట్టు విన్నారు. మిగిలింది 400. ఆ ఫోర్ జీరో జీరోనే ఓకే అంటూ తిరిగి చెప్పారు కూడా. అంటే రీడ్‌బ్యాక్ జరిగింది. తప్పు గాలిలోకి వచ్చింది, టవర్ చెవిదాకా వచ్చింది. అక్కడ ఎవరూ పట్టుకోలేదు. విమానం కొండని ఢీకొంది. నలుగురూ పోయారు.

మా ఇంటికి వచ్చినవాళ్లు "తెలుగు మీడియంలో చదివిన పిల్ల, ఆ ఇంగ్లీషు పట్టుకోగలదా?" అని జాలిపడినప్పుడు నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. ఆ విమానంలో ఉన్నది అమెరికన్లు, ఇంగ్లీషు వాళ్ల సొంత భాష. అక్కడ కావాల్సింది ఇంకా మంచి ఇంగ్లీషు కాదు, వింటున్న చెవి. అంతర్జాతీయ విమానాల్లో పనిచేసే పైలట్లకీ కంట్రోలర్లకీ 2008 నుంచి కనీసం నాలుగో స్థాయి ఇంగ్లీషు ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నియమం పెట్టింది. అది అవసరమే, కాదనను. కానీ రేడియోలో వాడే భాష చాలా చిన్నది. కొన్ని వందల మాటలు. పలకడం కూడా ఇంగ్లీషువాళ్ల కోసం చేసింది కాదు, రొదలో వినేవాళ్ల కోసం చేసింది. త్రీని "ట్రీ" అంటారు, ఫైవ్‌ని "ఫైఫ్" అంటారు. నైన్, ఫైవ్ ఒకలాగే వినిపిస్తాయని నైన్‌ని "నైనర్" అంటారు. అల్ఫా, బ్రావో, చార్లీ అక్షరమాల కూడా ఊరికే పుట్టలేదు, వేర్వేరు భాషలవాళ్ల నోట పలికించి, విని చూసి, 1956లో ఖరారు చేశారు. ఇరవై, అరవైల కోసం మనం ఇలాంటిది ఎప్పుడైనా చేశామా? చేశాం, ఎవరూ చెప్పకుండానే. కిరాణా కొట్లో "ఇరవై, రెండు సున్నా" అని చెప్పే ముసలాయన ఎవరో ఒకరు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆయన చేసేదీ అదే పని.

తిరిగి చెప్పించడం మనవాళ్లకి నచ్చదని, పెద్దవాళ్లకి అవమానంగా ఉంటుందని చాలామంది నాతో అన్నారు. మా మేనేజర్ కూడా అదే అన్నారు. నేను ఒప్పుకోను. పూర్ణా మార్కెట్ దగ్గర ఏ హోటల్‌కైనా వెళ్లి కూర్చోండి. మీరు చెప్పగానే సప్లయర్ "ఇడ్లీ రెండు, పెసరట్టు ఒకటి ఉప్మాతో, కాఫీ ఒకటి" అని తిరిగి చెప్తాడు. మీకు కోపం వస్తుందా? ఉప్మా వద్దని అప్పుడే గుర్తుచేస్తారు. బస్సులో కండక్టర్ "మద్దిలపాలెం రెండా?" అంటూ టిక్కెట్ కొడతాడు. మనకి తిరిగి చెప్పడం కొత్త కాదు. ఇడ్లీకి చేస్తాం, టిక్కెట్‌కి చేస్తాం. ముప్పై టన్నుల పెట్టె దగ్గరికి వచ్చేసరికి "సరే" చాలనుకుంటాం. ఎందుకంటే హోటల్లో తిరిగి చెప్పేవాడు మీ కింద పనిచేసేవాడు కాదు, మీరు అతని జీతం కోయలేరు. తేడా సంస్కృతిలో లేదు, భయంలో ఉంది.

టైము దండగ అని ఇంకొందరు అంటారు. నిమిషానికి ఎన్నో మాటలు దొర్లే ఫ్రీక్వెన్సీలో, గంటకి రెండు మూడు వందల కిలోమీటర్ల వేగంతో దిగుతున్న విమానానికి దొరికిన టైము మన యార్డులో దొరకదా?

ఒక అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. తిరిగి చెప్పినంత మాత్రాన పని సరిగ్గా జరుగుతుందని నమ్మకమేంటి? మన దేశంలో జరిగిన అతి పెద్ద విమాన ప్రమాదమే దీనికి ఉదాహరణ. 1996 నవంబర్ 12, హర్యానాలో చర్ఖీ దాద్రీ. ఢిల్లీ నుంచి ఎక్కుతున్న సౌదీ విమానానికి 14,000 అడుగులు, ఢిల్లీకి దిగుతున్న కజకిస్థాన్ విమానానికి 15,000 అడుగులు ఇచ్చారు. ఎదురుగా విమానం వస్తోందని కంట్రోలర్ చెప్పాడు కూడా. అప్పట్లో ఢిల్లీ రాడార్ తెర మీద విమానాల ఎత్తు కనిపించేది కాదు, పైలట్ నోటిమాటే ఆధారం. 15,000కి చేరామని చెప్పిన కజక్ విమానం అక్కడ ఆగకుండా ఇంకా దిగింది. రెండు విమానాల్లోనూ కలిపి 349 మంది పోయారు.

ఆ కజక్ విమానంలో టవర్‌తో మాట్లాడిన మనిషి వేరు, నడిపిన మనుషులు వేరు. రేడియో ఆపరేటర్ ముందు ఎత్తు చూపించే మీటరు లేదు, పైలట్ల భుజాల మీంచి తొంగి చూసుకోవాలి. విన్నవాడి చేతిలో విమానం లేదు, విమానం నడిపేవాళ్లకి ఇంగ్లీషు సరిగ్గా అందలేదు. "వాడికి చెప్పెయ్" అని మూడో మనిషితో కబురు పంపించే అలవాటు ఉన్న ప్రతి చోటా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. హుద్‌హుద్ రోజుల్లో, 2014 అక్టోబర్‌లో, ఫోన్లు మూగబోయినప్పుడు మన ఊళ్లో కబుర్లన్నీ మనుషుల నోటే నడిచాయి. మా చిన్నాన్న వాళ్ల ఇంటి మీద చెట్టు పడిందన్న కబురు ముగ్గురు మనుషులు దాటి మా దగ్గరికి వచ్చేసరికి, చిన్నాన్న మీదే పడిందని అయింది. మా నాన్న చెప్పుల్లేకుండా పరిగెత్తారు.

కాబట్టి తిరిగి చెప్తే చాలని నేను అనను. చర్ఖీ దాద్రీ తర్వాత మన దేశంలో విమానాలకి, ఎదుటి విమానాన్ని పసిగట్టి హెచ్చరించే యంత్రం తప్పనిసరి చేశారు. యార్డులో కూడా పెట్టె వెనకాల మనిషి ఉన్నాడో లేడో చూపించే కెమెరా కావాలి. కెమెరా వచ్చేదాకా, వచ్చిన తర్వాత కూడా, మాట సరిచూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. చేతిలో ఉన్నదాన్ని వదులుకోమని ఎవరూ చెప్పరు కదా.

రోజూ తిరిగి చెప్తుంటే అలవాటైపోయి వినేవాడికి శ్రద్ధ పోతుందని కూడా అనొచ్చు. అది నాకే జరిగింది. పరీక్షకి పది రోజుల ముందు ప్రాక్టీసులో నేను పీడనం చదివాను, తను తిరిగి చెప్పింది, "రీడ్‌బ్యాక్ కరెక్ట్" అన్నాను. తను మాట్లాడకుండా నా మొహం చూసింది.

"నాన్నా, నువ్వు వన్ జీరో జీరో ఎయిట్ అన్నావు. నేను వన్ జీరో వన్ ఎయిట్ అన్నాను. కావాలనే అన్నాను. నువ్వు వినలేదు."

పది హెక్టోపాస్కల్ తేడా. మీటరు చూపించేదానికంటే విమానం దాదాపు 300 అడుగులు కింద ఉంటుంది. కొండల పక్కన దిగే మన ఊళ్లో 300 అడుగులు. నేను తన గొంతు విన్నాను, లయ విన్నాను, ఎప్పటిలాగే ఉంది కదా అనుకున్నాను. అంకెని వినలేదు. అప్పటి నుంచి అంకె పుస్తకంలో ఉన్నా సరే కాగితం మీద రాసుకుని, తను చెప్తుంటే ఒక్కో అంకె కింద పెన్ను పెట్టి చూసుకుంటున్నాను. యార్డులో కూడా ఇప్పుడు నా జేబులో చిన్న నోట్‌బుక్కు ఉంటుంది.

నా షిఫ్టులో పద్ధతి మార్చి ఎనిమిది నెలలైంది. వరస నంబరు, అంతస్తు, పెట్టె నంబరులో చివరి నాలుగు అంకెలు ఆపరేటర్ తిరిగి చెప్పాలి. నేను "కరెక్ట్" అనేదాకా లీవర్ మీద చెయ్యి పడకూడదు. ఇరవైని "రెండు సున్నా", అరవైని "ఆరు సున్నా" అనే అంటాం. "తియ్యి" అనే మాట ఇప్పుడు పెట్టెకి మాత్రమే. మొదట్లో నవ్వారు, "మాకు చెవుల్లేవేటి బాబూ" అన్నారు. నెల తిరిగేసరికి, నేను తొందరలో ముప్పైకి బదులు నలభై అన్నప్పుడు, తిరిగి చెప్పాల్సిన కుర్రాడు "నలభై ఖాళీగుంది బాబూ, మూడు సున్నాయా?" అన్నాడు. ఆ రోజు నుంచి నవ్వులు లేవు.

జీతం కోత పడిన ఆపరేటర్ ఇప్పుడు వేరే షిఫ్టులో ఉన్నాడు. వెతుక్కుంటూ వెళ్లి, ఆ రోజు తప్పు నీ ఒక్కడిదే కాదని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడే ఈ మాట అననేదేటి బాబూ" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆఫీసుకి రెండు కాగితాలు ఇచ్చాను. తిరిగి చెప్పడం అన్ని షిఫ్టుల్లోనూ రాతపూర్వక నియమం చెయ్యాలని ఒకటి, అతని వారం జీతం అతనికి తిరిగి ఇవ్వాలని ఇంకొకటి. "చూస్తాం" అన్నారు. చూస్తాం అంటే అందిందనా, ఒప్పుకున్నారనా, చేస్తారనా అని అడిగాను. సోమవారం రమ్మన్నారు. "సోమవారం, ఉదయం పది గంటలకి, రెండు కాగితాల గురించీ" అని తిరిగి చెప్పి వచ్చాను.